తాలింపు మానేసిన గది

నన్ను సౌదీ నుంచి పంపించేశారు. వెళ్ళగొట్టారని అన్నా నాకేమీ అభ్యంతరం లేదు. మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ ఆ మాట నా వెనకాల గుసగుసలాడుకుంటారు కాబట్టి నేనే ముందు పైకి అనేస్తున్నాను. నర్సింగు చదివి గల్ఫ్ వెళ్దామనుకుంటున్న అమ్మాయిలు ఇది చదవాలని నా కోరిక. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో, ఏ ఏజెంటు నమ్మదగ్గవాడో నేను చెప్పలేను. నన్నెందుకు పంపించేశారో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పగలను. చదివాక నాది తప్పని మీకనిపిస్తే అనుకోండి. మీ ఇష్టం.

నేను పనిచేసింది తాయిఫ్‌లో, చిన్న పాలీక్లినిక్కులో. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. ఒక నిర్మాణ కంపెనీతో మా క్లినిక్కుకి ఒప్పందం ఉండేది. పొద్దున్నే ఆ కంపెనీ బస్సు వచ్చి మా గుమ్మం ముందు ఆగేది, జ్వరాలూ దగ్గులూ నడుం నొప్పులూ వరసగా దిగేవి. దిగినవాళ్ళలో సగానికి పైగా నిజామాబాదు, జగిత్యాల వైపువాళ్ళు. నాదేమో గోదావరి పక్క. మా వీధిలో ఆదివారం చర్చికి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఒక నర్సుండేది, నేనూ అలాగే నర్సునయ్యాను. ఆ క్లినిక్కులో తెలుగు వచ్చిన నర్సుని నేనొక్కదాన్నే.

మా డాక్టరుగారిది ఈజిప్టు. యాభై దాటినవాడు, మంచి మనిషి, టీలో పంచదార వేసుకోవడం మొదలుపెడితే ఆపేవాడు కాదు. రోగం పట్టుకోవడంలో ఆయనకి సాటి లేరు. కానీ రోగి అడిగే ప్రశ్న దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేసేవాడు. మనవాళ్ళు డాక్టరు దగ్గరికొచ్చి రోగం పేరు అడగరు. పెరుగు తినొచ్చా అంటారు. తలకి పోసుకోవచ్చా అంటారు. సూది ఎందుకు వెయ్యలేదని నిలదీస్తారు. ఆయన అన్నిటికీ ఒకటే చెప్పేవాడు: "అన్నీ తిను, హాయిగా స్నానం చెయ్యి." అది విని మనవాళ్ళ మొహం వాడిపోయేది. బయటికొచ్చి నన్ను పట్టుకునేవారు.

"సిస్టరమ్మా, ఏం తినొద్దో చెప్పనే లేదు సారు. పథ్యం లేని మందు మందెట్లయితది?"

అందుకని నేను పథ్యం పెట్టేదాన్ని. "ఈ గోలీలు అయిపోయేదాకా వంకాయ ముట్టుకోకండి, పచ్చడి వద్దు" అనేదాన్ని. వంకాయ మానేసిన మనిషి గోలీలు పూర్తిగా వేసుకుంటాడు. ఏదీ మాననివాడు జ్వరం దిగ్గానే మిగిలినవి పక్కవాడికి ఇచ్చేస్తాడు. ఇది నేను చూసి నేర్చుకున్నది. డాక్టరుగారికి ఈ సంగతి తెలిసి నన్ను గదిలోకి పిలిచి కేకలేశాడు. ఇది ఏ పుస్తకంలో ఉందని అడిగాడు. "మీ పుస్తకంలో లేదు, ఆ బయట కూర్చున్నవాళ్ళ కడుపులో ఉంది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, వంకాయకి బదులు సిగరెట్టు మానమని చెప్పొచ్చుగా అన్నాడు. ఆ మర్నాటి నుంచి సిగరెట్టు కూడా పథ్యంలో కలిపాను. నేను అంత మొండిదాన్నేమీ కాదు.

చలి తగ్గి, కొండ మీద రోజాలు కోసే రోజులొచ్చాయి. ఒక పొద్దున ఆ కంపెనీ కూలీలుండే క్యాంపు నుంచి మేస్త్రీ వచ్చాడు. యాభై ఏళ్ళవాడు, ఒక రేకుల గదిలో ఉండే ఆరేడుగురికి పెద్ద దిక్కు. కడుపుబ్బరమన్నాడు. ఏం తింటున్నారని అడిగాను. ఎవరినైనా మొదట అడిగేది అదే.

"ఏమున్నది సిస్టరమ్మా. చప్పటి పప్పు, పెరుగన్నం. నోరంత చచ్చిపోయింది."

"పప్పులో తాలింపు వెయ్యరా?"

"ఎయ్యట్లేదు."

"నూనె అయిపోయిందా?"

ఆయన గోడ మీది పళ్ళ బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నాడు. మా అమ్మమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. అయినా ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే పొయ్యి మీద పోపు పెట్టనిచ్చేది కాదు, నూనె చిటపటలాడితే అమ్మవారికి గిట్టదనేది. మా పాస్టరుగారి భార్య కూడా వాళ్ళింట్లో అంతే చేసేది. మగవాళ్ళు మాత్రమే వండుకు తినే గదిలో, పచ్చిమిరపకాయ లేకపోతే ముద్ద దిగని చోట, తాలింపు ఊరికే ఆగదు.

"ఎవరికి పోసింది మేస్త్రీ గారూ?" అన్నాను.

ఆయన లేవబోయాడు. తలుపుకి అడ్డం నిలబడ్డాను. "ఎవరికీ చెప్పను. ఎవరికి?"

"పోచమ్మ పోసింది, మా రూంల ఒక పోరనికి" అని గొంతు తగ్గించి అన్నాడు. పోరడంటే చిన్నవాడేం కాదు, ముప్ఫై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. "ఒల్లంత పొక్కులు. మంచిగయితదనుకున్నం. నిన్నటి సంది దగ్గు. దమ్మొస్తున్నది, పండుకుంటే ఊపిరాడ్త లేదంటుండు."

పిల్లలకి నీళ్ళపొక్కులు వస్తే వారంలో తగ్గి మళ్ళీ వీధిలో పడతారు. పెద్దవాళ్ళకొస్తే ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. దగ్గూ ఆయాసమూ మొదలైతే అదే. అప్పుడు ఆక్సిజనుండాలి, నరంలోకి మందెక్కాలి. లేకపోతే మనిషి పోతాడు.

"ఇప్పుడే తీసుకురండి" అన్నాను.

"రాడు. తల్లి ఒంటి మీదుంటే గడప దాటొద్దు గద. ఆడికి సూదంటేనే ఒణుకుతుండు. పైంగ కంపెనీకి ఎరుకైతే ఏమంటరో. పోయినేడు ఒకనికి ఒంటి మీద ఏదో లేసిందని ఇంటికి తోలిచ్చిండ్రు. మల్ల పిలువలే."

డాక్టరుగారికి చెప్పాను. ఆయన మొహం మారింది. న్యుమోనియా అయ్యుంటుంది, వెంటనే రమ్మను అన్నాడు. రానంటున్నాడని చెప్పాను. భుజాలెగరేశాడు. అప్పుడు మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మన హైదరాబాదు మనిషే, తెలుగు బాగానే వచ్చు, తెలుగులో మాట్లాడటం మాత్రం బాగా తక్కువ.

"సిస్టర్, లెట్ దెమ్ కమ్. వాళ్ళు రాకపోతే మన రెస్పాన్సిబిలిటీ ఏముంది?" అన్నాడు. నవ్వుతూ, "అయినా ఆ పోచమ్మకి ఇక్కడికి రావడానికి వీసా ఎవరిచ్చారు?" అని కూడా అన్నాడు.

"మీకూ నాకూ ఎవరిచ్చారో వాళ్ళే ఇచ్చుంటారు సార్" అన్నాను. "అంబులెన్సు ఇవ్వండి. నేను వెళ్ళి తీసుకొస్తాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. మగవాళ్ళ క్యాంపులోకి ఆడమనిషి వెళ్ళడం కుదరదు, రూలు నీకు తెలీదా అన్నాడు. తెలుసు. తెలిసే అడిగాను. ఇంకెవరు వెళ్తారో చెప్పమన్నాను. నాతో పనిచేసే కేరళ సిస్టరు ఆరో నెల గర్భిణి, ఆమెని ఆ గది ఛాయలకి కూడా పంపకూడదు. మిగిలినవాళ్ళెవరికీ తెలుగు రాదు. నాకు ఏడేళ్ళప్పుడే ఆటలమ్మ పోసి పోయింది, నుదుటి మీద ఇప్పటికీ మచ్చుంది, ఇంక రాదు. మేనేజరు నో అన్నాడు. నేను వెళ్ళి డ్యూటీ బట్టల మీద అబాయా తొడుక్కున్నాను.

అంబులెన్సు నడిపేది పెషావరు పఠాన్. విషయం చెప్పాను. మేనేజరు ఒప్పుకున్నాడా అని అతను అడగలేదు. "బైఠో బాజీ" అని, అక్కకి తీసినట్టు తలుపు తీశాడు. నేనెక్కుతుంటే డాక్టరుగారు మెట్ల మీద నిలబడి ఎవరికో ఫోను చేస్తున్నాడు. అరబీలో గట్టిగా అరుస్తున్నాడు. అవతలి మనిషికి చెవుడనుకుంటాను. ఫోను పెట్టేసి గబగబా వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"మా అమ్మ" అన్నాడు రొప్పుతూ. "నాకు చిన్నప్పుడు వచ్చిందట. మా తమ్ముడికీ నాకూ కలిపి." అని, కొంచెం సిగ్గుపడి, స్టెతస్కోపు మెడలో వేసుకున్నాడు.

క్యాంపులో ఆ గది గుమ్మానికి వేపరెమ్మలు కట్టి ఉన్నాయి. ఏ పార్కులో కోసుకొచ్చారో! గుమ్మం ముందు చెప్పుల వరస. నేను బూట్లు విప్పాను. డాక్టరుగారు నావైపు చూసి తనూ విప్పాడు. ఆయన మేజోడుకి బొటనవేలి దగ్గర పెద్ద చిల్లు. ఎవరూ నవ్వలేదు.

లోపల కింది మంచం మీద మనిషి పడుకోలేక కూర్చుని ఉన్నాడు. మొహమంతా పొక్కులు, పెదవులు నల్లబడ్డాయి. ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. తల దగ్గర పసుపు నీళ్ళ గ్లాసుంది. డాక్టరుగారు వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, రెండు వైపులా పట్టేసింది, ఒక్క నిమిషం కూడా ఆగొద్దు అన్నాడు ఇంగ్లీషులో. నేను తెలుగులో చెప్పాను.

ఆ మనిషి తల అడ్డంగా ఊపాడు.

"ఒద్దు సిస్టరమ్మా." ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. "తల్లి ఒంటి మీదుండంగ సూదులు గుచ్చితే ఊకుంటదా? నాకేమైతే అయితది. ఇంటికాడ ఇద్దరు ఆడిపిల్లలున్నరు. ఆల్ల మీద పడ్తది."

నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాలుగు చీవాట్లు పెడదామనుకున్నాను. మూఢనమ్మకమని మూడు మాటల్లో కొట్టిపారెయ్యడం నాకూ వచ్చు, నర్సింగు స్కూల్లో అదే నేర్పారు. కానీ ఆ మనిషి తన ప్రాణం గురించి భయపడటం లేదు. పిల్లలకి అడ్డంగా కూర్చున్నాడు. అలాంటివాణ్ణి చీవాట్లతో లేపగలమా?

"మీ ఇంట్లో బోనం ఎవరెత్తుతారు తమ్ముడూ?" అన్నాను.

"మా అమ్మ."

"అయితే తల్లి సంగతి నీకన్నా ఆమెకి బాగా తెలుసు. ఆమెనే అడుగుదాం."

మేస్త్రీ తన సెల్లులో నంబరు కలిపాడు. అవతల పక్కింటివాళ్ళ ఫోను. ఆమెని పిలుచుకొచ్చేదాకా అందరం ఆ ఊపిరి వింటూ నిలబడ్డాం. డాక్టరుగారికి తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా ఆయనా కదలకుండా నిలబడ్డాడు. ఆమె గొంతు వినిపించగానే ఫోను స్పీకరులో పెట్టించాను.

"అమ్మా, నేను నర్సుని. మీ అబ్బాయికి తల్లి పోసింది. రొమ్ములోకి దిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే దక్కడు. తల్లికి కోపమొస్తుందని రానంటున్నాడు." కొడుకు వింటున్నాడని తెలిసే అంత మొహం మీద అనేశాను.



"నువ్వు మనోల్ల పిల్లవేనా?" అందామె.

"కాదమ్మా. మేం చర్చికెళ్ళేవాళ్ళం."

"చెప్పులిడిసే పోయినవా లోపటికి?"

"విడిచే వచ్చానమ్మా. డాక్టరుగారు కూడా."

"గట్లయితే తీస్కపో బిడ్డా. సూదులేస్తే ఎయ్యనీ. తల్లితోని నేను మాట్లాడుకుంట. కోపమొస్తే నా మీదికి రమ్మను, ముసల్దాన్ని, నాకేమైతది? నీసు మాత్రం పెట్టనియ్యకు." ఆ తర్వాత గొంతు పెంచింది. "కొడుకా! ఇనవడ్తుందా? లెవ్వు. నేను చెప్తున్న, లెవ్వు."

అతను లేచాడు. నిలబడలేక ఒరిగిపోతే నలుగురు దుప్పటిలో ఎత్తుకున్నారు. అంబులెన్సులో ఆక్సిజను పెట్టాను. గేటు దగ్గర క్యాంపు బాసు పరిగెత్తుకొచ్చి, ఆడమనిషిని లోపలికి ఎవరు రానిచ్చారని అరబీలోనూ హిందీలోనూ కేకలు మొదలుపెట్టాడు. పఠాన్ హారను మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. పెద్దాసుపత్రి గుమ్మంలో దిగాక చూస్తే డాక్టరుగారు మేజోళ్ళతోనే ఉన్నాడు, బూట్లు క్యాంపులోనే ఉండిపోయాయి.

ఆ మనిషి చాలా రోజులు ఆసుపత్రిలో ఒంటరి గదిలో ఉన్నాడు. మొదట్లో దక్కుతాడని ఎవరూ అనలేదు. అక్కడ గుంటూరు వైపు నర్సొకామె ఉండేది, ఆమెని బతిమాలాను. వాళ్ళ కోడి అన్నం ట్రే వెనక్కి పంపి, నేను పఠాన్‌తో పంపించిన పెరుగన్నం పెట్టేది. వేపరెమ్మ తలగడ కింద ఉంచనివ్వమంటే మొదట గొణిగింది, తర్వాత తనే కవరులో పెట్టి ఉంచింది. నరంలోకి మందు ఎక్కుతూనే ఉంది. తలగడ కింద ఆకుంటే ఆ మందుకి వచ్చిన నష్టమేంటో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఈలోగా క్లినిక్కులో నా మీద పంచాయితీ పెట్టారు. ఆరోగ్య శాఖవాళ్ళు వచ్చి ఆ గదినీ పక్క గదుల్నీ చూసి, కొందర్ని పనిలోకి వెళ్ళొద్దన్నారు. కంపెనీకి మండింది. రూలు మీరి మగవాళ్ళ గదిలోకి వెళ్ళిన నర్సు క్షమాపణ చెప్పాలి, లేకపోతే ఒప్పందం రద్దన్నారు. డాక్టరుగారు సారీ చెప్పేశాడు. ఆయన పిల్లలు కాలేజీల్లో ఉన్నారు, ఆయన్ని నేనేమీ అనుకోలేదు. మేనేజరు నాతో, "జస్ట్ వన్ వర్డ్ సిస్టర్. సారీ అనండి, ఫినిష్" అన్నాడు. రెండు రోజులు గడువిమ్మన్నాను. నిజం చెప్పాలంటే చెప్పేద్దామనే అనుకున్నాను. నాకూ ఇంటి దగ్గర పిల్లలున్నారు, ఆ ఉద్యోగం నాకు కావాలి.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"ఆల్ల చిన్న బిడ్డకు పోసిందట సిస్టరమ్మా. ఇంటికాడ."

పొక్కులు వచ్చే కాలమది, ఆ ఊళ్ళో ఇంకెంతమంది పిల్లలకి వచ్చాయో. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? గదిలో అందరూ గుసగుసలాడుకుంటున్నారని, కొందరు నా పేరెత్తి తిట్టారని మేస్త్రీ చెప్పాడు. "నేనేమంటలేను. మీకు ఎరుకుండాలె గద అని" అని వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నాకు ఎవరి చేతిలో నరం దొరకలేదు. ఆ పిల్లకేదైనా అయితే నా మొహం నేను అద్దంలో చూసుకోలేననుకున్నాను.

గడువు రెండో రోజున ఆ మనిషే వచ్చాడు. ఆసుపత్రి నుంచి అప్పుడే వదిలారట, కంపెనీ బస్సెక్కకుండా తిన్నగా మా దగ్గరికొచ్చాడు. చిక్కి సగమయ్యాడు, మొహమంతా నల్లమచ్చలు. నన్ను నాలుగు తిట్టి వెళ్తాడనుకున్నాను. తిట్టనీ, నోరెత్తకూడదనుకున్నాను.

"సిస్టరమ్మా, బిడ్డకు పోసింది" అన్నాడు.

"తెలుసు తమ్ముడూ."

"ఫోన్ చేసిన. దమ్ము గిట్ల ఒస్తుందా సూడుండ్రి, దవాఖానకు తీస్కపోండ్రి అని చెప్పిన." అని ఊపిరి తీసుకున్నాడు. "మా అమ్మ ముందుగాలనే తీస్కపోయిందట. నేను చెప్పకముందే. పొక్కు కనవడ్డనాడే. మంచిగనే ఉన్నదట, ఆడుకుంటుందట."

అక్కడే, మందుల బీరువా పక్కన, నేను భోరుమని ఏడ్చేశాను. ఆ మనిషి తల దించుకుని నిలబడి, "జర తింటానికి ఏమన్న చెప్పుండ్రి, అక్కడ ఆల్లేం చెప్పలే" అన్నాడు. అన్నీ తినమన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. కడుపు నిండా తిను, పప్పులో తాలింపు వేయించుకుని తిను అన్నాను.

కళ్ళు తుడుచుకుని మేనేజరు గదికి వెళ్ళాను. క్యాంపు బాసు కూడా అక్కడే ఉన్నాడు, నా సారీ కోసమే వచ్చి కూర్చున్నట్టున్నాడు. కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు.

"చెప్పండి సిస్టర్" అన్నాడు మేనేజరు.

"మీరు పంపనన్నారు, నేను వెళ్ళాను. మళ్ళీ అలాంటిది వస్తే మళ్ళీ వెళ్తాను" అన్నాను. "సారీ చెప్పను."

"థింక్ ఇట్ ఓవర్ సిస్టర్. మీ జాబ్..."

"ఆలోచించుకునే వచ్చాను సార్. ఆ మనిషి బయట నిలబడి ఉన్నాడు, తన కాళ్ళ మీద తను. ఆయన బతికున్నందుకు నేనెవరికి సారీ చెప్పాలో మీరే చెప్పండి. ఈయనకా, మీకా?"

మేనేజరు ఆ మాటలు క్యాంపు బాసుకి హిందీలో చెప్పలేదు. టేబుల్ మీది పెన్ను తీసి మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"నా పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించండి" అన్నాను.

కొట్టించారు.